చలి పడనిదే పూయని చిక్కుడు

శంషాబాద్
12 జూలై 2009

బాపుకు,

నేను, సంతోషిని. నిన్ను పెద్ద గోడల జైలు నుంచి పొలం జైలుకు మార్చారని తెలిసి అమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం "మా ఆయనకు మన్ను దొరికింది" అని వాడకట్టంతా తిరిగి చెప్పి వచ్చింది.

ఫోన్ అయిదు నిమిషాలే ఇస్తారని, వెనకవాళ్లు తొందరపెడతారని అన్నావు కదా. అందుకే ఉత్తరం.

నాకు ఎయిర్‌పోర్టులో పని దొరికింది. కాంట్రాక్టర్ కింద నేల తుడిచే పని. మొదటి రోజు సూపర్‌వైజర్ "ఇంతకుముందు ఎక్కడ పనిచేశావు?" అని అడిగాడు. "మా బాపు గిక్కడనే చేసేటోడు సార్" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మన నాలుగెకరాలు రన్‌వే కింద పోయాయో, కార్లు నిలిపే జాగా కింద పోయాయో నేను ఇంకా తేల్చుకోలేదు. ఎటు చూసినా ఒక్క తీరుగా నున్నగా ఉంది.

ఇంట్లో అన్నీ కొనుక్కు తినడమే. కందిపప్పు ధర విని అమ్మ పప్పులో నీళ్లు పెంచింది. కూరగాయల బండి దగ్గర టమాటా నొక్కి చూసి, "ఇది కోసి వారమైంది" అని పైకే అంటుంది. మొన్న బండి అతను "నువ్వే పండించుకో పోవమ్మా" అన్నాడు. అమ్మ ఇంటికొచ్చి, కిరాయి ఇంటి మిద్దె మీద పెయింటు డబ్బాల్లో మన్ను పోసింది. కుండలో బూడిద కలిపి దాచిన చిక్కుడు విత్తనం తీసి పెట్టింది.

మహేశ్వరం దగ్గరి అమ్మ చేను బాగానే ఉంది. కుర్మయ్య మామ చూసుకుంటున్నాడు. వాన లేక ఇంకా విత్తలేదు, అంతే.

వేళకు తిను.
సంతోషి


పొలం జైలు
2 ఆగస్టు 2009

బిడ్డ సంతోషికి,

నీ ఉత్తరాన్ని గేటు దగ్గరి సార్ నాకంటే ముందు చదివి "మంచిగ రాసింది నీ బిడ్డ" అన్నాడు. ఇకమీదట ఆయన క్షేమం కూడా అడుగు, బాగుంటుంది.

ఇక్కడ గోడ లేదు, కంచె ఉంది. ఎవరూ పారిపోరా అని నువ్వు అడగకముందే చెబుతున్నాను. పారిపోయి ఎక్కడికి పోవాలి, విమానం కిందికా? నాకు వంకాయ మడులు అప్పగించారు. బ్యాంకులో ఏదో చేసి వచ్చిన పట్టాభిరామయ్య గారని ఒక కోస్తా ఆయన నాకు జోడి. "పెంటయ్యగారూ, దీనికి రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు పోయాలండీ?" అంటాడు. నవ్వి నవ్వి నాకు దగ్గు వచ్చింది. జైలుకొచ్చాక నవ్వడం అదే మొదలు.

ఆయనే ఒకనాడు "మీరేం చేశారండీ?" అని అడిగాడు. చెప్పాను. అత్తగారి వాళ్లు నా భార్యకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాల్లో ప్లాట్ల వాళ్లు హద్దురాళ్లు పాతుతుంటే గడ్డపార తీశానని, టేపు పట్టుకున్న మనిషి తలకు తగిలిందని. ముత్తయ్య అతని పేరు. ఆ దెబ్బ కూడా ప్లాట్ల పెద్దదొరకు తగల్లేదు బిడ్డా. ముత్తయ్య భూమి కూడా అంతకుముందే పోయిందట. కూలికి టేపు పట్టడానికి వచ్చాడు. అది కోర్టులో తెలిసింది నాకు.

ఒక మనిషి పోయాడు, నేను లోపలికొచ్చాను, ఆ రెండెకరాలు మిగిలాయి. అవైనా మిగలకపోతే ఇదంతా ఎందుకు జరిగినట్టు? అందుకని చెబుతున్నాను. వాన ఎంత ఆలస్యమైనా కుర్మయ్యను ఊరుకోనీయకు. జొన్న పోతే కంది, కంది పోతే ఉలవలు. ఏదో ఒకటి పడాలి. నా శిక్ష ఎట్లాగో గడుస్తుంది. ఆ చేను పడావు పడిందని వింటే మాత్రం నేను బతకను.

నువ్వు హాస్టల్లో చదివిన పిల్లవు, నీకు పడావు అంటే తెలుసో లేదో. దున్నక వదిలేసిన నేల.

మీ బాపు,
పెంటయ్య


శంషాబాద్
9 జనవరి 2011

బాపుకు,

ముందుగా గేటు దగ్గరి సార్‌కు నమస్కారం. సార్, మీ ఇంట్లో అందరూ బాగున్నారా?

బాపూ, ఈ సంచిలో చిక్కుడుకాయలున్నాయి. మన చేను గట్టు మీద కాసినవి. ముదిరినవి కూడా కొన్ని వేశాను, విత్తనానికి పనికొస్తాయని అమ్మ చెప్పింది. జొన్న మంచిగా వచ్చింది, కంది కూడా మంచిగా వచ్చింది. కుర్మయ్య మామ మన వంతు గింజలు తెచ్చి ఇచ్చాడు.

ఉల్లిగడ్డ ధర వింటేనే కళ్లలో నీళ్లు వస్తున్నాయి, కోయనక్కర లేదు. ఎయిర్‌పోర్టులో నేను తుడిచే చోట ఒక తిండి కొట్టు ఉంది. మిగిలిన అన్నం, రొట్టెలు నల్ల సంచుల్లో కట్టి పారేస్తారు. ఇంటికి తీసుకుపోతే పని పోతుంది. నిన్న ఆ సంచి ఎత్తుతుంటే ఇంకా వెచ్చగా ఉంది. మన బావి అక్కడే ఎక్కడో ఉండేదని నా అనుమానం.

సంతోషి


పొలం జైలు
20 ఫిబ్రవరి 2011

బిడ్డా,

చిక్కుడుకాయలు వంటశాలలో ఇచ్చి కూర చేయించుకున్నాను. ఒక్కడినే తినలేదు, పట్టాభిరామయ్య గారికి నాలుగు ముక్కలు పెట్టాను. "బాగుందండీ" అన్నాడు. ఆ మాటకు నా కడుపు నిండింది. ముదురు కాయలు ఎండబెట్టి విత్తనం తీశాను. ఇక్కడి కంచె వెంట పెడతాను. సార్ ఒప్పుకున్నాడు.

లోకం తీరు చూడు. జైల్లో ఉన్న నేను పండించుకుని తింటున్నాను. బయట ఉన్న మీరు కొనుక్కుని తింటున్నారు. చేను గింజలతో అన్నా కొంత గడుస్తున్నందుకు సంతోషం.

ఒక్కటి అడుగుతాను, దాచకుండా రాయి. మీ అమ్మ నన్ను చూడటానికి ఎందుకు రాదు? హైకోర్టులో అప్పీలు పోయిన ఏడు ఒక్కసారి వచ్చి, ఇనుప జాలీ అవతల నిలబడి "చేను మంచిగున్నది" అని ఒక్క మాట అని పోయింది. తర్వాత ముఖం చూపలేదు. మనిషిని చంపిన చేతులని అసహ్యమైతే ఆ మాట చెప్పమను. నేనేమీ అనుకోను. నాకూ ఒక్కోసారి అట్లాగే అనిపిస్తుంది.

పెంటయ్య


శంషాబాద్
2 అక్టోబర్ 2011

బాపుకు,

ఆలస్యమైంది, కోపగించుకోకు. ఉద్యమం సమ్మెలో బస్సులు లేవు, డ్యూటీకి నడిచే పోతున్నాను.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. అంత దూరం రాలేదు. అసహ్యం లేదు, ఏమీ లేదు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆ ముక్క దగ్గర లేచి మిద్దె మీదికి పోయింది, చిక్కుడు తీగకు తాడు కడతానని. తీగకు పొద్దున్నే కట్టింది.

చేనులో కంది నడుము ఎత్తు పెరిగింది. ఇంక నువ్వు దాని సంగతి ఆలోచించకు.

సంతోషి


పొలం జైలు
10 మే 2012

బిడ్డా సంతోషీ,

నీళ్లు తాగి కూర్చుని చదువు. నాకు పదిహేను రోజుల సెలవు ఇచ్చారు. సత్ప్రవర్తన అట. మృగశిర కార్తె ముందు రోజు వస్తాను. తొలకరి పడితే నా చేత్తోనే విత్తుతాను. నాగలికి కర్రు ఊడి ఉంటుంది, కుర్మయ్యను బాగుచేయించమను. ఎడ్లు లేకపోతే ఎవరివైనా అడగమను. ట్రాక్టర్ వద్దు, ఆ రెండెకరాలకు ట్రాక్టర్ తిరిగితే సగం గట్టే పోతుంది.

మీ అమ్మను జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం చేసి చేనుకు పట్టుకు రమ్మను. ఇంటి దగ్గర నాతో మాట్లాడకపోయినా సరే, చేను దగ్గర మాట్లాడుతుంది. పెళ్లయిన కొత్తలో కూడా అంతే.

ఏడేళ్లయింది బిడ్డా. రాత్రి నిద్ర పట్టడం లేదు, చిన్న పిల్లవాడికి జాతరకు ముందు పట్టనట్టు.

బాపు


శంషాబాద్
21 మే 2012

బాపుకు,

ఈసారి రావద్దు. బాలాపూర్ నుంచి నాకొక సంబంధం వచ్చింది. సరిగ్గా ఆ వారంలోనే వాళ్లు చూడటానికి వస్తున్నారు. వాళ్లకు నీ సంగతి తెలియదు. నువ్వు దుబాయిలో ఉన్నావని చెప్పాం. నువ్వు ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు నోరు జారుతారు.

సెలవు వచ్చే ఏడాదికి మార్చుకో. నన్ను తిట్టుకోకు.

సంతోషి


పొలం జైలు
1 జూన్ 2012

చిరంజీవి సంతోషికి,

దుబాయిలో నేను క్షేమం. ఎండలు బాగా ఉన్నాయి. ఇక్కడి షేకు మాకు పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు పెడతాడు. రాత్రి లెక్కపెట్టి లోపల వేస్తాడు. దుబాయిలో అందరికీ అంతేనట. సెలవు కాగితం వాపసు ఇచ్చేశాను.

పెళ్లికొడుకు వాళ్లకు నా నమస్కారాలు చెప్పు. మనిషి మంచివాడైతే చాలు, నాలాంటివాడు కాకుంటే చాలు.

దుబాయి నుంచి,
పెంటయ్య


శంషాబాద్
14 మే 2013

బాపుకు,

ఏడాదిగా నీ నుంచి ఒక్క ముక్క లేదు. నేను రాసిన మూడింటికీ జవాబు లేదు. నీ కోపం న్యాయమే. ఆ సంబంధం కుదరలేదు, పోనీ.

మీతో పాటు శిక్షలో ఉన్న ఒకాయన భార్య రేణుకమ్మ ఆయనను చూడటానికి ములాఖత్‌కు వస్తుంటే ఆమెతో చిక్కుడుకాయలు పంపుతున్నాను. లేతవి, మొన్ననే కోసినవి. మన చేనులో కాసినవే. కూర చేయించుకుని తిని, ఒక్క అక్షరం రాయి. తిట్టైనా సరే.

సంతోషి


పొలం జైలు
30 మే 2013

సంతోషికి,

కాయలు అందాయి. కూర చేయించలేదు. చేతిలో పట్టుకుని చూశాను.

ఇది మే నెల. మన చిక్కుడు చలి పడనిదే పూయదు. ఎండాకాలమంతా కుండలతో నీళ్లు పోసినా తీగ పాకుతుంది, ఆకు వేస్తుంది, పువ్వు మాత్రం పెట్టదు. దసరా దాటాలి, పొద్దున్నే గొంగడి కప్పుకునే రోజు రావాలి. ఇది మా నాయన చెప్పిన మాట కాదు, ముప్పై ఏళ్లు నేను కళ్లతో చూసింది. ఇక్కడ కంచె మీద పెట్టినదీ అంతే, రెండేళ్లూ కార్తీకంలోనే పూసింది. పైగా ఆ ఎర్ర చెల్క నేలలో బావి శివరాత్రికే అడుగంటుతుంది. మేలో నీళ్లెక్కడివి? ఇవి దుకాణంలో కొన్న ప్యాకెట్ విత్తనానికి, నల్లా నీళ్లకు కాసిన కాయలు. మిద్దె మీది కాయలు. మీ అమ్మ చూసి ఉంటే ఇవి పంపనిచ్చేది కాదు.

మిద్దె మీద కాస్తే తప్పు లేదు. చేనులో కాశాయని ఎందుకు రాశావు?

తర్వాత నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అడవిపంది పడలేదు. ఒక్క ఏడు పురుగు పట్టలేదు. కుర్మయ్య ఒక్కసారి కూడా నీతో గింజల పంపకంలో పోట్లాడలేదు. అట్లాంటి చేను నేను పుట్టాక చూడలేదు బిడ్డా. నష్టం లేని సేద్యం కాగితం మీదే అవుతుంది.

చేను ఉందా, లేదా? ఒక్క మాట రాయి. గేటు దగ్గరి సార్ క్షేమం అడగనక్కర లేదు.

పెంటయ్య


శంషాబాద్
16 జూన్ 2013

బాపూ,

చేను లేదు. 2007లోనే పోయింది.

హైకోర్టులో నీ అప్పీలుకు సర్కారు వకీలును పెట్టారని నీకు చెప్పాం. కాదు. పెద్ద వకీలైతే శిక్ష తగ్గుతుందని అందరూ అన్నారు. అమ్మ చేను అమ్మింది. కుర్మయ్య మామ వద్దన్నాడు. అమ్మ వేలిముద్ర వేస్తూ, "గీ చేను కోసం మనిషి పోయిండు. ఇగ మనిషి కోసం చేను పోనియ్యి" అన్నది. కొన్నది ఎవరో నీకు తెలుసు. నువ్వు పీకేసిన హద్దురాళ్లను వాళ్లు అవే గుంతల్లో మళ్లీ పాతారు. ఆ తర్వాత మూడు నెలలకు అప్పీలు కొట్టేశారు.

అప్పుడు నువ్వు అన్నం మానేశావని జైలు నుంచి కబురు పెట్టారు. అమ్మ వచ్చింది. జాలీ అవతలి నుంచి నువ్వు మొదట అడిగింది చేను సంగతే. "మంచిగున్నది" అన్నది. ఆ పూట నువ్వు అన్నం తిన్నావట. అమ్మ ఇంటికి వచ్చి, "ఇంకోపారి అడిగితే నా నోట రాదు. నేను ఆయన ముంగట పడను. నువ్వే రాయి బిడ్డా" అన్నది. మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఇప్పటికీ మన్ను గంప నెత్తిన పెట్టుకుని మిద్దె ఎక్కుతుంది.

బాలాపూర్ సంబంధం లేదు. ఎవరూ రాలేదు, నువ్వు దుబాయిలో ఉన్నావని ఎవరికీ చెప్పలేదు. నువ్వు నాగలికి కర్రు వేయించమంటే నాకు ఏం చేయాలో తోచలేదు. నువ్వు వచ్చి ఆ రాళ్లు చూస్తే మళ్లీ గడ్డపార కోసం వెతుకుతావని భయపడ్డాను. అందుకు నీకు తగిలే మాటే ఏరి రాశాను. అది నా తప్పు, అమ్మది కాదు.

మన పాత విత్తనం కిందటి వానలకు కుండలోనే బూజు పట్టి పోయింది. నేను దుకాణంలో ప్యాకెట్ కొన్నాను. కాయలు రేణుకమ్మకు ఇచ్చాక అమ్మకు తెలిసింది. నెత్తి కొట్టుకుంది. "మే నెలల చిక్కుడా? ఆయనకు పంపినవా? ఇగ అయిపోయింది" అన్నది.

కుర్మయ్య మామ ఇప్పుడు ఆ వెంచర్ గేటు దగ్గర వాచ్‌మన్. చేను చూసుకుంటున్నాడని రాశాను కదా, ఆ ఒక్కటీ పూర్తి అబద్ధం కాదు. అక్కడ ఇంతవరకు ఒక్క ఇల్లు లేవలేదు. ప్లాట్లు చేతులు మారుతున్నాయట, అంతే. తుమ్మ మొలిచింది. పడావు అంటే ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు.

ఎట్లా అయినా తిట్టు. కానీ అన్నం మానేయకు.

సంతోషి


పొలం జైలు
8 నవంబర్ 2014

బిడ్డ సంతోషికి, అనంతమ్మకు,

ఈ ఉత్తరం ఇద్దరికీ. సంతోషీ, గట్టిగా చదువు, మీ అమ్మ మిద్దె ఎక్కకుండా తలుపు దగ్గర కూర్చో.

నువ్వు రాసిన నాలుగు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయలేదు. అన్నం మాత్రం మానలేదు, ఆ మాట మీ అమ్మకు చెప్పు. మొదట మీ ఇద్దరి మీద కోపం వచ్చింది. తర్వాత వకీలు మీద. తర్వాత, ఎవరి మీద కోపం పెట్టుకున్నా చివరికి ముత్తయ్య దగ్గరికే పోయి ఆగుతున్నాను. అతని భార్య ఇప్పుడు ఏం తింటున్నదో నాకు తెలియదు. ఆ రెండెకరాల కోసమని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. రెండేళ్లకే అవి లేవు. మిగిలిన ఏడేళ్లు నేను తుమ్మచెట్లకు కాపలా కాశాను.

రాష్ట్రం వచ్చిందని జూన్‌లో సార్ మిఠాయి పంచాడు. ఇప్పుడు నా విడుదల కాగితం వచ్చింది. ఇరవయ్యో తారీఖు పొద్దున పది గంటలకు.

వినగానే నేను ఏం చేశానో చెబుతాను, నవ్వకండి. సార్ దగ్గరికి పోయి, "ఇంకో రెండు నెలలు ఉంచుండ్రి సార్" అని అడిగాను. కంచె మీది చిక్కుడు ఇప్పుడే పూత మీద ఉంది. కాయ పట్టి, ముదిరి, ఎండేసరికి జనవరి అవుతుంది. సార్ నా ముఖం చూసి, "ఇరవై ఏండ్ల నౌకరీల గిట్ల అడిగినోన్ని నిన్నే చూసిన పెంటయ్య. చట్టం ఒప్పుకోదు" అన్నాడు. ఆ చట్టమే కదా నన్ను తొమ్మిదేళ్లు ఉంచింది, ఇంకో రెండు నెలలకు దానికేం పోయిందో. పట్టాభిరామయ్య గారు "నేను చూసుకుంటానండీ, రోజుకు ఎన్ని గ్లాసులో చెప్పండి" అన్నాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు. బయట నాకు ఒక్క మడి లేదు బిడ్డా. అది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

పోయిన ఏటి విత్తనం గుడ్డలో మూట కట్టి దాచాను. అది వెంట తెచ్చుకుంటానంటే, జైలు నేలలో పండినది సర్కారుదని, అర్జీ పెట్టుకోవాలని ఆఫీసులో అన్నారు. మీ అమ్మ కుండలోంచి మిద్దె మీదికి, మిద్దె మీది నుంచి నా దగ్గరికి వచ్చిన విత్తనం అది. దానికి కూడా అర్జీ పెట్టాలట. నేను పెట్టలేదు. ఈ కాగితం మడతలో పదకొండు గింజలు ఉన్నాయి. గేటు దగ్గరి సార్ తెరిచి చూసి కూడా మళ్లీ అంటించి పంపితే, ఆయన క్షేమం అడగడం వృథా పోలేదని అనుకో.

అనంతా, ఇరవయ్యో తారీఖున గేటు దగ్గరికి నువ్వే రా. నేను చేను సంగతి అడగను. నువ్వు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. నన్ను మహేశ్వరం తొవ్వలో తీసుకుపోకండి, అటు నేను చూడను. నేరుగా ఇంటికి పోదాం.

మిద్దె మీది డబ్బాల్లో ఒకటి నాకు విడిచిపెట్టండి. ప్యాకెట్ మొక్క పీకేసి, మన్ను గుల్ల చేసి ఉంచండి. రెండెకరాల కోసం ఒక మనిషిని చంపాను. ఒక డబ్బా కోసం ఎవరినీ చంపనని ఇంటి ఓనర్‌కు చెప్పండి.

పెంటయ్య